తల ఎటు ఊపినా

"ఉప్పు కావాలేమో మీ అమ్మమ్మని అడుగు" అంది రాలిత్సా.

ఉప్పు సీసా నెవేనా మోచేతి పక్కనే ఉంది. తల్లికీ కూతురికీ నడుమ ఉన్న దూరమల్లా నాలుగు ఉడికిన గుడ్లు, ఒక రొట్టెల బుట్ట. అయినా నిన్న సాయంత్రం నుంచీ వాళ్ళిద్దరి మాటలూ పదకొండేళ్ళ కాలినా మీదుగానే రాకపోకలు సాగిస్తున్నాయి.

"నాకేం అక్కర్లేదని మీ అమ్మకి చెప్పు" అంది నెవేనా. "తొమ్మిదేళ్ళుగా నాకేం కావాలో అడగని మనిషి ఇవాళ ఉప్పు దగ్గర మొదలుపెట్టక్కర్లేదని కూడా చెప్పు."

కాలినా ఎవరికీ ఏమీ చెప్పలేదు. తలొంచుకుని గుడ్డు పెంకు ఒలుచుకుంటోంది. రాయబారం పనిలో రెండు వైపుల నుంచీ చీవాట్లే తప్ప ఇంకేమీ దక్కదని ఆ పిల్లకి ఒక్క పూటలోనే తెలిసిపోయింది.

హాస్టలు భోజనాల గదిలో మిగతా ఆడవాళ్ళంతా తింటున్నట్టు నటిస్తున్నారు. తమ ఊరి పఠనమందిరం పాటల బృందం అంటే మొత్తం ఇరవై ఆరు మంది. బల్గేరియాలో, గులాబీ లోయలోని ఆ చిన్న ఊళ్ళో ఒకరింట్లో పాలు పొంగితే నాలుగిళ్ళ అవతల తెలిసిపోతుంది. ఇక్కడ వియన్నాలో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాక ఇంక దాపరికం ఏముంటుంది?

అసలు దాచడానికి రాలిత్సా ఏమైనా మిగిల్చిందా? నిన్న బస్సు ఆగీ ఆగకముందే, పెట్టెలు ఇంకా దించకముందే, తల్లిని కావలించుకున్న చేతులైనా తియ్యకుండా అందరి ముందూ అనేసింది.

"అమ్మా, ఆదివారం తిరుగు బస్సులో కాలినా రాదు. ఇక నా దగ్గరే ఉంటుంది."

పెట్టె ఒకటి ఎక్కువైంది, దాన్ని ఇక్కడే వదిలెయ్యండి అన్నంత తేలిగ్గా అంది. ఒక పగలూ ఒక రాత్రీ బస్సులో కూర్చుని వచ్చిన నెవేనాకి కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. నోట్లోంచి మాట రాలేదు. రాని మాటలన్నీ ఇప్పుడు రొట్టె మీద వెన్న రాసుకుంటూ ఒక్కొక్కటీ బయటికి తీస్తోంది.

"సొంతానికి రెండు గదులు దొరికేసరికి కన్నపేగు కదిలింది కాబోలు" అంది గోడకేసి చూస్తూ.

రాలిత్సా ఈసారి పిల్లని మధ్యలో పెట్టుకోలేదు. గొంతూ పెంచలేదు. మంచాన పడ్డ ముసలివాళ్ళకి సేవ చేసి చేసి గొంతు పెంచడం ఎప్పుడో మరిచిపోయింది.

"బిడ్డ గుర్తురాని రోజు లేదమ్మా. గదే లేదు."

నెవేనాకి ఒళ్ళు ఇంకా మండింది. కత్తి పళ్ళెంలో పడేసి లేచి వెళ్ళిపోయింది.

మాటలకేం, ఎన్నయినా చెప్పొచ్చు. రెండేళ్ళ పిల్లని, ఒళ్ళంతా తట్టు పోసి ఉన్న పిల్లని, తన చేతిలో పెట్టి వెళ్ళింది ఈ రాలిత్సా. తండ్రన్న వాడు ఓడల మీద పనికని పోయి అటే పోయాడు. ఆ పిల్లకి తల దువ్వింది ఎవరు? అక్షరాలు దిద్దించింది ఎవరు? గులాబీల కోత రోజుల్లో తెల్లవారకముందే లేచి, పిల్ల లేచేసరికి పాలు కాచి ఉంచి, పొలానికి పరుగెత్తింది ఎవరు? ఏడాదికి ఒకసారి చాక్లెట్లు పట్టుకుని పది రోజులు వచ్చిపోయే మనిషిని పిల్ల అమ్మా అని పిలుస్తుంటే విని సంతోషించింది కూడా తనే. మీ అమ్మ నీకోసమే కష్టపడుతోంది అని నేర్పింది తనే. ఇప్పుడు ఆ నేర్పిన నోటినే కొట్టుకోవాలనిపించింది.

*

ఆదివారం నాడు అక్షరాల పండగ, తమ లిపికి ఏటా చేసుకునే పండగ. వియన్నాలో స్థిరపడ్డ బల్గేరియా వాళ్ళ సంఘం పాడడానికి పిలిస్తే ఈ ప్రయాణం కుదిరింది. అందాకా ఊరు చూసుకోండి అన్నారు. రాలిత్సా నాలుగు రోజులు సెలవు పెట్టి, అందరికీ దుబాసీగా కూడా తిరుగుతోంది. బృందం నడిపే మెతోది మాస్టారు అందుకు తెగ పొంగిపోయి, నీ కూతురు బంగారం నెవేనా అని నిన్నటి నుంచి నాలుగుసార్లు అన్నాడు. మాస్టారు పాటలో అపస్వరం పది గజాల దూరం నుంచి పట్టేస్తాడు గానీ మనుషుల మధ్య అపస్వరం ఆయన చెవికి ఎప్పుడూ ఆనదు.

పది గంటలకి అందరూ కలిసి ఒక కాఫీ హోటలుకి వెళ్ళారు. నెవేనా కావాలనే కూతురికి దూరంగా, పెన్కా పక్కన కూర్చుంది. పెన్కా ఆమెకి ఇరుగింటి మనిషి, బృందంలో మంద్రస్థాయి గొంతు, తిండి విషయంలో ఎవరి మాటా వినని మనిషి.

నల్ల కోటు వేసుకున్న పెద్దాయన వచ్చి, ఖాళీ కప్పు చూపించి ఇంకో కాఫీ తెమ్మంటారా అన్నట్టు అడిగాడు. పెన్కా సంబరంగా తల అటూ ఇటూ ఊపింది. ఆయన వంగి దండం పెట్టినంత పని చేసి కప్పు తీసుకుపోయాడు. మళ్ళీ రాలేదు. కాసేపటికి ఇంకొకడు ఆపిల్ పళ్ళ రొట్టె ఉన్న పళ్ళెం పట్టుకొచ్చి, ఇంకో ముక్క వెయ్యమంటారా అన్నాడు. కడుపు నిండిపోయిన పెన్కా గడ్డం పైకెత్తి దించి, మళ్ళీ ఎత్తి దించింది. వాడు రెండు ముక్కలు వేసి వెళ్ళాడు.

"వీళ్ళు నామీద పగబట్టారే" అంది పెన్కా. "అడిగింది ఇవ్వరు, వద్దన్నది పెడతారు."

బల్ల అవతలి నుంచి రాలిత్సా నవ్వాపుకోలేక చెప్పింది. ఇక్కడ తల నిలువుగా ఊపితే అవునని అర్థం, అడ్డంగా ఊపితే కాదని. మనది ఈ ఊరికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మన అవును వీళ్ళకి కాదు, మన కాదు వీళ్ళకి అవును.

బృందమంతా విరగబడి నవ్వింది. ఎవరికి వారు తల నిలువుగా ఊపుతూ అవును, అవును అని చూసుకున్నారు, ఒక్కరికీ కుదరలేదు. నోరు అవునంటుంటే తల దాని పాటికి అడ్డంగా పోతోంది. ఆదివారం దాకా ఎవరూ తల కదపడానికి వీల్లేదు, మెడలో కర్ర పెట్టుకున్నట్టు తిరగాలి, లేకపోతే పాట మధ్యలో మనల్ని వేదిక దించేస్తారు అని మెతోది మాస్టారు ఆజ్ఞ వేశాడు. నెవేనా పెదవుల మీదికి కూడా నవ్వు వచ్చింది. కూతురు చూస్తుందేమోనని దాన్ని కాఫీతో పాటు మింగేసింది.

నవ్వు రానిది కాలినా ఒక్కతే. ఒక్కసారి తల్లి ముఖంలోకి చూసి, చటుక్కున కళ్ళు దించేసుకుంది. పెన్కా మొరటుతనానికి పిల్ల సిగ్గుపడుతోంది కాబోలు అనుకుంది నెవేనా.

*

మధ్యాహ్నం మహారాణి గారి వేసవి భవనం తోటకి వెళ్ళారు. బృందమంతా గుట్ట పైకి ఎక్కుతుంటే నెవేనా మోకాళ్ళ నొప్పి అని బెంచీ మీద కూలబడింది. కాలినా కూడా ఆగిపోయింది. రాలిత్సా నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది గానీ, మాస్టారు పిలవడంతో వెళ్ళిపోయింది.

అడగాలా వద్దా అని నెవేనా చాలాసేపు తటపటాయించింది. అడక్కపోతే ఆదివారం దాకా ఊపిరాడదు. అడిగితే, పిల్ల నోట ఏ మాట వస్తుందో. మనసు గట్టి చేసుకుంది.

"అమ్మలూ, ఒక్కటి అడుగుతాను. నన్ను చూసి కాదు, మీ అమ్మని చూసి కాదు, నీ మనసులో ఏముందో అదే చెప్పు. ఇక్కడ మీ అమ్మ దగ్గర ఉండిపోతావా?"

కాలినా బూటు కొనతో గులకరాళ్ళని కెలుకుతూ నిలబడింది. ఒక గీత గీసింది, చెరిపేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత, నోరు తెరవకుండా, తల నిలువుగా రెండుసార్లు ఆడించింది.

నెవేనా గుండె మీది బరువంతా దిగిపోయింది. ఉండనంది. పిల్ల ఉండనంది. కాలినా ఇంకా ఏదో అనబోయింది గానీ, అమ్మమ్మ ఆ ముఖాన్ని గట్టిగా రొమ్ముకి అదుముకుంది.

"చాలమ్మా. ఇంకేం చెప్పక్కర్లేదు. నాకు అర్థమైంది."

ఆ సాయంత్రం హాస్టల్లో సాధన జరుగుతుంటే నెవేనా గొంతు ఖంగుమంది. మాస్టారు అకార్డియన్ ఆపి మరీ మెచ్చుకున్నాడు. పెన్కా చెవిలో సంగతి ఊదింది, పిల్లే వద్దందని. పెన్కా ఆమె రెండు చెంపలూ ముద్దు పెట్టుకుంది. అది పెన్కా చెవిలో పడిందంటే అరగంటలో బృందమంతటికీ తెలిసినట్టే, నెవేనాకి కావలసిందీ అదే.

మనసు నిండేసరికి ఔదార్యం కూడా వచ్చింది. పెట్టె అడుగున గుడ్డలో చుట్టి తెచ్చిన గులాబీ రేకుల జాం సీసా ఉంది. నిన్న ఆ మాట విన్నాక, దీన్ని ఇవ్వను, తిరిగి పట్టుకుపోతాను అని ఒట్టు పెట్టుకుంది. ఇప్పుడు తీసి కూతురి చేతిలో పెట్టింది. నేరుగా, పిల్ల మీదుగా కాకుండా మాట్లాడింది కూడా.

"మన పొలం పూలే. నిరుటివి. రొట్టెలోకి బావుంటుంది."

రాలిత్సా సీసా రెండు చేతులతోనూ పట్టుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి.

"నువ్వింత త్వరగా మనసు మార్చుకుంటావనుకోలేదమ్మా" అంది.

ఓడిపోయినవాళ్ళకి ఆమాత్రం తీపి పెట్టాలిలే అనుకుంది నెవేనా. పైకి మాత్రం కూతురి భుజం తట్టింది. ఒకరు ఏమనుకుంటున్నారో ఇంకొకరికి తెలియకుండానే, నిన్నటి నుంచీ మొదటిసారి ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని సూపు తాగారు.

*

శుక్రవారం పొద్దున్నే రాలిత్సా గదికి వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, బిగించి కట్టిన జుట్టు. కాలినా కిటికీ దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది.

"టీచరు ఇచ్చిన కవరు తెచ్చావుగా అమ్మా. అది కావాలి."

కవరు తెచ్చింది. పిల్ల ఆరోగ్యం కాగితాలు, ప్రయాణంలో ఉండాలి అని రాలిత్సా ఫోన్లో చెబితే, అంటించిన కవరుని అంటించినట్టే, చేతిసంచీలో జున్ను రొట్టెల పొట్లం పక్కన పెట్టుకుని మూడు దేశాలు దాటించి తెచ్చింది. తీసి ఇచ్చింది. రాలిత్సా అక్కడే చింపి చూసింది. లోపల ఐదో తరగతి మార్కులు, బడి మారడానికి ఇచ్చే కాగితం.

"పదింటికి బడికి రమ్మన్నారు. మా ఇంటి వెనకే. నువ్వూ రావాలి."

"ఏ బడి?" అంది నెవేనా. నవ్వుతూనే అంది. "నేను పిల్లని అడిగానుగా. ఉండనంది. నీకు చెప్పలేదా?"

రాలిత్సా చేతిలో కాగితం ఆగిపోయింది. కూతురికేసి తిరిగింది.

"ఉండనన్నావా?"

కాలినా తాడు ముడి విప్పి మళ్ళీ వేసింది. తల ఎత్తలేదు.

"ఉంటానన్నాను" అంది చిన్నగా.

"తల ఊపావు కదే" అంది నెవేనా. "తోటలో. రెండుసార్లు ఊపావు."

"అవునని ఊపాను అమ్మమ్మా."

"అవునని అలా ఎవరు ఊపుతారు?"

"ఇక్కడ ఊపుతారు."

పక్క గదిలో పెన్కా గొంతు సవరించుకుంటోంది. నెవేనా మంచం మీద కూర్చుంది. కూర్చున్నట్టు ఆమెకే తెలియలేదు.

"ఎప్పుడు నేర్చుకున్నావు?" అంది.

పిల్ల చెప్పింది. చలికాలం నుంచీ. మంగళవారం సాయంత్రాలు అమ్మమ్మ పాటల సాధనకి వెళ్ళినప్పుడు, కంప్యూటర్లో అమ్మ కనబడి ప్రశ్నలు అడిగేది. మంచు నల్లగా ఉంటుందా? నీ పేరు కాలినానా? పిల్లికి కొమ్ములుంటాయా? కాలినా తల ఈ ఊరి పద్ధతిలో ఊపాలి. తప్పు ఊపితే మళ్ళీ మొదటి నుంచి. మొదట్లో అన్నీ తప్పులే. ఇప్పుడు ఆలోచించకుండానే వచ్చేస్తోంది.

నెవేనాకి ఆ మంగళవారాలు గుర్తొచ్చాయి. సాధన నుంచి వస్తూ గుమ్మం దగ్గర బూట్ల మంచు దులుపుకుంటుంటే, లోపల తల్లీ కూతుళ్ళ నవ్వులు వినబడేవి. పోనీలే, ఇద్దరూ దగ్గరవుతున్నారు అని తను చలిలో ఇంకో ఐదు నిమిషాలు నిలబడేది, ఆ నవ్వు తెగిపోకుండా. అప్పుడు వాళ్ళు నవ్వుతున్నది తను లేని ఇంటి కోసమని తనకేం తెలుసు?

"పిల్ల తలకాయని కూడా మార్చేశావన్నమాట" అంది.

రాలిత్సా కిటికీ దగ్గరికి వెళ్ళి, ఇటు వీపు పెట్టి మాట్లాడింది.

"మొదటి ఏడాది నేను ఒకావిడ దగ్గర చేశాను, గుర్తుందా? రెండు నెలలకే మానేశాను, ఆవిడ మంచిది కాదని నీకు ఫోన్లో చెప్పాను. మానెయ్యలేదమ్మా. వెళ్ళగొట్టారు. ఆవిడ గొలుసు కనబడలేదు. కొడుకొచ్చి, నువ్వు తీశావా అన్నాడు. భాష రాదు, వణుకు, నోరు పెగల్లేదు. కాదు, కాదు అని తలూపాను. మన ఊరి తలే ఊపాను. వాడు చూశాడు. ఒప్పుకుందన్నాడు. మధ్యాహ్నానికి నా సంచీ మెట్ల మీద ఉంది."

"తర్వాత?"

"తర్వాత అది సోఫా సందులో దొరికిందట. ఎవరో చెప్పారు. నన్నెవరూ పిలవలేదు." ఇటు తిరిగింది. "నా కూతురు ఈ ఊళ్ళో ఒక్కరోజు కూడా అలా నిలబడకూడదనుకున్నాను. భాష తర్వాత వస్తుంది. ముందు తల నేర్పాను."

ఇరవై నాలుగేళ్ళ కూతురు, పరాయి ఊరి మెట్ల మీద సంచీ పక్కన. తొమ్మిదేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకుని, ప్రతి ఆదివారం ఫోన్లో అంతా బాగుందమ్మా అంది. నెవేనాకి లేచి దగ్గరికి తీసుకోవాలనిపించింది. లేచింది కూడా. కానీ బల్ల మీద తను మోసుకొచ్చిన ఆ చింపిన కవరు కనబడింది.

"ఆ గొలుసు నువ్వు తియ్యలేదు. నాకు తెలుసు" అంది. "కానీ ప్రతి మంగళవారం, నేను లేని పూట చూసుకుని, నా ఇంట్లోంచి పిల్లని కొంచెం కొంచెంగా తీసుకుపోయావే, దాన్ని ఏమంటారు?"

రాలిత్సా ముఖం పాలిపోయింది.

"నా పిల్లని" అంది. "నా పిల్లనమ్మా."

పెన్కా తలుపు తోసి సాధనకి వేళయిందని చెప్పబోయి, ముగ్గురి ముఖాలూ చూసి, తలుపు మళ్ళీ వేసేసింది.

రాలిత్సా వేరే ఎవరి పని గురించో మాట్లాడినట్టు మాట్లాడింది. తొమ్మిదేళ్ళ కిందట వెళ్ళేటప్పుడు ఊళ్ళో నోటరీ దగ్గర పిల్ల బాధ్యత అంతా తను నెవేనా పేర రాసిచ్చి వెళ్ళింది. ఆ కాగితం ఇంకా చెల్లుతుంది. అందుకని ఇక్కడి బడి వాళ్ళు అమ్మమ్మ ఒప్పుకోలు కూడా కావాలంటున్నారు. ఆమె ఎదుట కూర్చుని అవునంటేనే చేర్చుకుంటారు.

"కాదంటే?"

"కాదంటే చేర్చుకోరు" అంది రాలిత్సా. "నువ్వు కాదంటే ఆదివారం బస్సెక్కుతుంది."

నెవేనా పెద్ద కోటు తొడుక్కుంది, బయట ఎండ కాస్తున్నా.

"పదండి" అంది.

*

ట్రాములో కాలినా ఇద్దరి మధ్యా కూర్చుంది. నాలుగు స్టాపులు దాటాయి. తర్వాత పిల్ల తల్లికి వినబడకుండా అమ్మమ్మ మోచెయ్యి పట్టుకుని అంది.

"నాకు ఇక్కడ ఉండాలని ఉంది. కానీ నువ్వు లేకుండా ఉండాలని లేదు. నువ్వు అలా అడగలేదుగా."

నెవేనా కిటికీలోంచి బయటికి చూసింది. అలా అడగాలని ఎవరికైనా ఎలా తోస్తుంది? పిల్ల చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. నిశ్చయం మాత్రం మారలేదు. పదకొండేళ్ళ పిల్లకి ఏం కావాలో పదకొండేళ్ళ పిల్లకి తెలియదు. తను కాదంటుంది. ఇంటికి తీసుకుపోతుంది. కొన్నాళ్ళు అలుగుతుంది, ఏడుస్తుంది, గులాబీల కోత అయ్యేసరికి మరిచిపోతుంది.

బడి శుభ్రంగా ఉంది. పెద్ద టీచరమ్మ అరవై ఏళ్ళ మనిషి, తెల్లబడ్డ జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నెవేనాకి తనే కుర్చీ లాగి వేసింది. కాగితాలు చూసింది, కాలినాతో రెండు మాటలు మాట్లాడింది. కాలినా వచ్చీరాని భాషలో జవాబు చెబుతూ, మధ్యమధ్య తల నిలువుగా, అడ్డంగా, తడబడకుండా ఊపుతుంటే నెవేనా చూడలేక కళ్ళు తిప్పుకుంది.

పెద్ద టీచరమ్మ చేతులు బల్ల మీద పెట్టి, నెవేనా కళ్ళలోకి చూస్తూ మెల్లగా ఒక ప్రశ్న అడిగింది. రాలిత్సా దాన్ని తల్లికి చెప్పింది.

"కాలినా ఇక్కడ నా దగ్గర ఉండి ఈ బడిలో చదువుకోవడానికి నువ్వు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నావా అని అడుగుతోందమ్మా."

"ఉన్నదున్నట్టు చెప్పావా?"

"చెప్పాను."

"నేను చెప్పేది కూడా ఉన్నదున్నట్టు చెబుతావని ఏం నమ్మకం?" అంది నెవేనా. "కవరులో ఏముందో నువ్వు నాకు ఉన్నదున్నట్టే చెప్పావు కదా."

నెవేనా ముందుకు వంగింది. ఇలాంటి మాటని ఆ నోటి మీదుగా పంపేది లేదు. తను నేరుగానే చెబుతుంది, మధ్యలో ఎవరూ మార్చడానికి వీల్లేకుండా. పెదవులు బిగించి, పెద్ద టీచరమ్మ కళ్ళలోంచి చూపు మరల్చకుండా, గడ్డం పైకెత్తి దించింది. మళ్ళీ ఎత్తి దించింది. ఇంకా అనుమానం మిగలకూడదని మూడోసారి కూడా. ఏ ఊళ్ళో కూర్చుందో ఆ కోపంలో గుర్తు లేదు; అరవై మూడేళ్ళుగా ఆ తలకి తెలిసిన కాదు అది. వాళ్ళ ఊళ్ళో గులాబీ పొలం ఈ చివరి నుంచి ఆ చివరికి కూడా ఆ మాట అందుతుంది.

పెద్ద టీచరమ్మ ముఖం విప్పారింది. తనూ అలాగే తల ఆడిస్తూ ఏదో మెత్తగా అంది. కాగితం మీద చిన్న గీత పెట్టింది. లేచి వచ్చి నెవేనా చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది.

ఈ ఊళ్ళో ఒక్క ఆడదైనా నా బాధ అర్థం చేసుకుంది అనుకుంది నెవేనా. రెండు రోజుల నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది.

"ఏం రాసింది?" అని కూతుర్ని అడిగింది.

రాలిత్సా ఒకసారి కాగితం కేసి, ఒకసారి తల్లి కేసి చూసింది.

"నువ్వు చెప్పిందే రాసిందమ్మా."

నెవేనా లేచింది. కాలినా లేవలేదు. పిల్ల ఆ కాగితం మీది గీతని చూస్తోంది. తర్వాత అమ్మమ్మని చూసింది. తర్వాత తల్లిని చూసింది. ఏదో అనబోతున్నట్టు పెదవులు విడివడ్డాయి.

అప్పుడు చూసింది నెవేనా. బల్ల అవతల రాలిత్సా, కూతురి కళ్ళలోకి చూస్తూ, గడ్డం మెల్లగా పైకెత్తి దించింది. అది ఈ ఊరి తీరు కాదు. తొమ్మిదేళ్ళ కిందట, ఆ గొలుసు రోజున, తనని మెట్ల మీదికి తోయించిన తీరు. తమ ఊరి తీరు. వద్దు అంటోంది.

నెవేనా చేతిసంచీ భుజానికి తగిలించుకోబోతున్నదల్లా ఆగిపోయింది.

"ఏం చెప్పొద్దంటోంది మీ అమ్మ?" అని కాలినాని అడిగింది.